విడుదలయ్యే మనిషి కోసం జైలు కట్టాలి

సికింద్రాబాద్‌లో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. జైలును చర్లపల్లికి పంపించి, ఆ స్థలంలో ఆసుపత్రి కట్టారు. 2021లో వరంగల్‌లోనూ ఇదే జరిగింది. నిజాం కాలంలో, 1886లో వెలసిన సెంట్రల్ జైలును కొద్ది వారాల్లో ఖాళీ చేశారు. తొమ్మిది వందల మందికి పైగా ఖైదీలను వేర్వేరు జైళ్లకు సర్దారు. గోడలు కూలగొట్టి, బహుళ అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. మద్రాసు సెంట్రల్ జైలు ఊరవతల పుళల్‌కు పోయింది. బెంగళూరు పాత జైలు ఫ్రీడమ్ పార్క్ అయింది, ఖైదీలు పరప్పన అగ్రహారకు చేరారు. 1796 నాటి సంగారెడ్డి పాత జైలు 2016లో మ్యూజియం అయింది. ఐదు వందల రూపాయలు కడితే ఒక రోజు ఖైదీలా గడిపే వీలు కూడా అక్కడ కల్పించారు. అసలు ఖైదీలు మాత్రం కందిలోని కొత్త జైల్లో ఉంటున్నారు.

వీటిలో ఏ ఒక్క తరలింపునూ తప్పుపట్టడం తేలిక కాదు. పేదవాడికి నగరం మధ్యలో పెద్దాసుపత్రి కావాలి. కానీ ప్రతిసారీ చర్చ అక్కడితోనే ఆగిపోతోంది. భూమి విలువ పెరిగింది కాబట్టి జైలు ఊరు దాటాలి అన్నంతవరకే ఆలోచన. దాటిన తర్వాత అది ఎక్కడ ఉండాలి, ఎలా ఉండాలి, అందులో ఒక మనిషి పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా ఏం చేయాలి అన్నది ఎవరూ అడగరు. వరంగల్ కొత్త జైలు కోసం మామునూరు వైపు స్థలం చూశారు. శతాబ్దం దాటిన కట్టడాన్ని తీసేసి కొత్తది కట్టుకునే అవకాశం ఒక రాష్ట్రానికి ఏ మూడు నాలుగు తరాలకో ఒకసారి వస్తుంది. ఒకసారి కాంక్రీటు పోశాక మరో వందేళ్లు దాన్ని కదిలించలేం.

జైలు నమూనా గీసే ఇంజినీరు మనసులో సాధారణంగా ఉండేది పారిపోయే ఖైదీ. గోడ ఎంత ఎత్తు ఉండాలి, దాని మీద తీగ ఎలా చుట్టాలి, టవర్లు ఎన్ని, కిటికీ ఎంత చిన్నది అన్నవన్నీ అతన్ని బట్టే నిర్ణయమవుతాయి. అలా పారిపోయేవాళ్లు వేలల్లో ఒకరు. మిగిలినవాళ్లు దాదాపు అందరూ ఏదో ఒక రోజు ప్రధాన ద్వారం గుండానే, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, తమ బట్టలు తాము తీసుకుని బయటికి నడుస్తారు. మన బస్సులో మన పక్కనే కూర్చుంటారు. జైలు నమూనా గీసేటప్పుడు వీళ్లు ఎవరికీ గుర్తురారు. వాళ్లను గుర్తుపెట్టుకుని గీస్తే జైలు రూపమే మారుతుంది.

మనకు వచ్చిన జైలు ఏ ఆలోచన మీద కట్టిందో చెప్పుకోవాలి. 1830లలో మెకాలే సభ్యుడిగా ఉన్న జైలు క్రమశిక్షణ కమిటీ భారతదేశంలో చదువు, నీతిబోధ వంటి సంస్కరణ ప్రయత్నాలను పక్కన పెట్టింది. శిక్ష కఠినంగా, విసుగు పుట్టించేలా ఉండాలన్నది దాని దృష్టి. ఏడాదికి మించి శిక్షపడ్డ వాళ్ల కోసం సెంట్రల్ జైళ్లు కట్టాలన్నదీ ఆ కమిటీ సూచనే. అంతకుముందే ఇంగ్లండ్‌కు చెందిన జెరెమీ బెంథామ్ పనాప్టికాన్‌ను ఊహించాడు. గుండ్రటి కట్టడం, మధ్యలో ఒక గోపురం, చుట్టూ గదులు. గోపురంలో కావలివాడు ఉన్నాడో లేడో ఖైదీకి తెలియదు, కాబట్టి ఎప్పుడూ ఉన్నట్టే నడుచుకుంటాడన్నది ఆయన లెక్క. 1829లో ఫిలడెల్ఫియాలో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలు మరో అడుగు ముందుకు వేసింది. ఖైదీని పూర్తిగా ఒంటరిగా ఉంచితే పశ్చాత్తాపం పుడుతుందని దాన్ని కట్టినవాళ్లు చిత్తశుద్ధితో నమ్మారు. 1842లో ఆ జైలు చూసిన చార్లెస్ డికెన్స్, మెదడు మీద పెట్టే ఆ హింస శరీరానికి పెట్టే హింస కంటే ఘోరమని రాశాడు.

ఈ రెండు ఆలోచనలూ కలిసి మన గడ్డ మీద కాలాపానీ అయ్యాయి. అండమాన్‌లో, అప్పటి పోర్ట్‌బ్లెయిర్‌లోని సెల్యులార్ జైలును 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. మధ్యలో గోపురం, దాని నుంచి ఏడు దిక్కులకు చాచిన మూడంతస్తుల రెక్కలు, దాదాపు ఏడు వందల ఒంటరి గదులు. ఒక రెక్కలోని గది ముందుభాగం పక్క రెక్క వెనకభాగాన్ని చూసేలా కట్టారు. మనిషి ముఖం మనిషికి కనబడకుండా చేయడం ఆ కట్టడం ఉద్దేశం. కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి వంటి తెలుగువాళ్లను కూడా పంపింది అక్కడికే.

మైదాన ప్రాంతాల జైళ్లకు అంత ఖర్చు పెట్టలేదు. వాటికి దొరికింది బ్యారక్. పొడవాటి గది, ఎత్తున చిన్న కిటికీలు, ఒక చివర మరుగుదొడ్డి, ఇంకో చివర ఊచల తలుపు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల కాలం నుంచి ఇప్పటిదాకా ఈ రూపం పెద్దగా మారలేదు. చట్టమూ చాలాకాలం మారలేదు. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ మన జైళ్లకు మూలంగా ఉంటూ వచ్చింది. 1919-20 నాటి జైళ్ల కమిటీ శిక్ష లక్ష్యం మనిషిని బాగుచేయడమని తేల్చింది. 1980-83 మధ్య జస్టిస్ ముల్లా కమిటీ అదే మాటను వందల సిఫారసులతో చెప్పింది. కేంద్రం 2016లో కొత్త మోడల్ మాన్యువల్, 2023లో మోడల్ చట్టం రాసి రాష్ట్రాలకు పంపింది. జైళ్లు రాష్ట్రాల జాబితాలోవి కాబట్టి అమలు మన చేతుల్లోనే ఉంది. లక్ష్యం మారిందని కాగితం మీద వందేళ్ల కిందటే రాసుకుని, పాత లక్ష్యం కోసం కట్టిన గదుల్లోనే కొత్త లక్ష్యాన్ని సాధించాలని చూస్తున్నాం.

బ్యారక్‌లో రోజు ఎలా గడుస్తుందో చూడాలి. చాలా జైళ్లలో రాత్రి భోజనం సాయంత్రం ఐదింటికే పెడతారు. పొద్దు గూకేలోపు లెక్క చూసి తాళం వేస్తారు. మళ్లీ తాళం తీసేది తెల్లవారాక. అంటే రోజులో సగం ఆ ఒక్క గదిలోనే. మోడల్ మాన్యువల్ ప్రకారం బ్యారక్‌లో మనిషికి 3.71 చదరపు మీటర్ల నేల ఉండాలి, ఒక బ్యారక్‌లో ఇరవై మందికి మించకూడదు, రాత్రివేళ పది మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. మనిషి పడుకుని, పక్కన సంచీ పెట్టుకుంటే ఆ నేల అయిపోతుంది. కూర్చుని రాసుకోవడానికి బల్ల ఉండదు. దీపం ఆర్పే స్వేచ్ఛ ఉండదు. పక్కవాడితో గొడవైతే లేచి వెళ్లడానికి వేరే చోటు ఉండదు. ఇన్నేళ్లు ఒక తలుపు తీసుకోవడం, ఒక నిర్ణయం చేసుకోవడం తెలియని మనిషిని హఠాత్తుగా రోడ్డు మీద వదిలి, ఇకనుంచి బాధ్యతగా బతకమంటాం.

దేశం మొత్తం మీద చూస్తే ఈ కొలత కూడా దక్కడం లేదు. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 లెక్కల ప్రకారం 1,330 జైళ్లలో 4,36,266 మందికి చోటు ఉంటే, ఉన్నవాళ్లు 5,73,220 మంది. వందమంది ఉండాల్సిన చోట 131 మంది. తెలుగు రాష్ట్రాల పరిస్థితి ఇంతకంటే మెరుగు. ఇక్కడ మొత్తం మీద జైళ్లు సామర్థ్యాన్ని దాటలేదు. ఉన్నవాళ్లకు చోటు చాలక అప్పటికప్పుడు బ్యారక్‌లు పెంచుకోవాల్సిన తొందర మనకు లేదు. నిదానంగా ఆలోచించి కట్టే వీలుంది. ఆ వీలు ఉత్తరప్రదేశ్‌కో బీహార్‌కో లేదు.

ఇంకో అంకె చాలామంది చదివి మరిచిపోతారు. అదే ఏడాది ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలు. నేరం రుజువు కానివాళ్లు. జైలు ఎంత కష్టంగా ఉంటే అంత మంచిదని వాదించేవాళ్లు, ఆ కష్టం నలుగురిలో ముగ్గురు నేరం తేలకుండానే పడుతున్నారని గుర్తుంచుకోవాలి.

కట్టడం మనిషి మీద పనిచేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయా? ఉన్నాయి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు జాక్సన్ జైల్లో ఒక పరిశోధకుడు ఆరోగ్య రికార్డులు పరిశీలించి 1981లో ఫలితాలు ప్రచురించాడు. లోపలి ముంగిలి వైపు గదులున్న ఖైదీలు, పొలాలు కనబడే వైపు గదులున్న ఖైదీల కంటే సుమారు 24 శాతం ఎక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లారు. జైలు ఒకటే, తిండి ఒకటే. తేడా కిటికీలో కనబడేది. నెదర్లాండ్స్‌లో 2016లో వెలువడిన ఒక అధ్యయనం కట్టడాల రకాన్ని బట్టి సిబ్బందికీ ఖైదీలకూ ఉన్న సంబంధాన్ని కొలిచింది. ప్రాంగణం చుట్టూ చిన్న ఇళ్లలా కట్టిన జైళ్లలో వాళ్ల మధ్య మాట బాగుంది. పనాప్టికాన్ పద్ధతి జైళ్లలో బాగా లేదు. బెంథామ్ ఊహకు దగ్గరగా డచ్చివాళ్లు కట్టుకున్న ఆర్నెమ్, బ్రెడా, హార్లెమ్ గుమ్మటం జైళ్లు మూడూ ఇప్పుడు జైళ్లుగా లేవు.

ఈ విషయంలో నార్వేలోని హాల్డెన్ జైలు పేరు అందరూ చెబుతారు. 2010లో తెరిచారు. సుమారు 250 మందికి కట్టారు. ఎవరికి వారికి గది, అందులోనే స్నానాలగది, ఊచలు లేని నిలువు కిటికీ. చుట్టూ ఆరు మీటర్ల కాంక్రీటు గోడ ఉంది, అది మరిచిపోకూడదు. హత్య చేసినవాళ్లూ అత్యాచారం చేసినవాళ్లూ అక్కడ ఉన్నారు. వార్తల్లో హాల్డెన్ ఫ్రిజ్ గురించి, చదును తెర టీవీ గురించి వచ్చినంతగా దాని అసలు ఆలోచన గురించి రాలేదు. పడుకునే చోటు, పని చేసే చోటు, చదువుకునే చోటు అక్కడ వేర్వేరు భవనాలు. కావాలనే దూరం పెట్టారు. ఖైదీ పొద్దున లేచి, తయారై, చెట్ల మధ్య నడిచి, వానలో తడిసి, పనికి వెళ్లాలి. సాయంత్రం తిరిగి రావాలి. మామూలు మనిషి రోజుకు ఉండే రూపం ఆ రోజుకూ ఉండాలన్నది వాళ్ల సూత్రం. రెండేళ్లలో మళ్లీ శిక్షపడేవాళ్లు నార్వేలో సుమారు 20 శాతమని చెబుతారు. ఒక్కో దేశం ఒక్కో రకంగా లెక్కిస్తుంది కాబట్టి ఆ అంకెను పక్క దేశాల అంకెలతో పోల్చడంలో జాగ్రత్త అవసరం. ఆ ఫలితం అంతా గోడలదే అనడం కూడా సబబు కాదు. అక్కడ సిబ్బంది శిక్షణ పొడవైనది, శిక్షలు పొట్టివి, విడుదలైనవాడికి ఇల్లు, చదువు, వైద్యం సమాజమే చూస్తుంది.

కట్టడం ఒక్కటే చాలదనడానికి అమెరికాలోనే ఒక పాఠం ఉంది. 1970లలో అక్కడి కేంద్ర ప్రభుత్వం న్యూయార్క్, షికాగో, శాండియాగో నగరాల్లో కొత్త రకం జైళ్లు కట్టింది. పొడవాటి వరుసల బదులు, ఒక హాలు చుట్టూ గదులున్న చిన్న విభాగాలు. కావలి ఉద్యోగి అద్దం వెనక కాకుండా ఖైదీల మధ్యే కూర్చుంటాడు. ఎదురుగా ఉన్న మనిషితో గొడవ ముదరక ముందే మాట్లాడి సర్దవచ్చన్నది ఆలోచన. అది పనిచేసింది, ఇతర నగరాలూ అనుసరించాయి. కానీ న్యూయార్క్ జైలును తర్వాతి దశాబ్దాల్లో కిక్కిరిసేలా నింపారు. సిబ్బందిని తగ్గించారు. మరమ్మతులు వదిలేశారు. చివరికి దుస్థితి కారణంగానే 2021లో దాన్ని మూసేశారు. మంచి నమూనాను చెడగొట్టడానికి ఒక తరం సరిపోతుంది.

హాల్డెన్‌ను తెచ్చి వరంగల్‌లో దించడం నాకు ఇష్టం లేదు. అక్కడి గది చలికి మూసుకునేది. మన మే నెల ఎండలో కాంక్రీటు స్లాబు కింద అలాంటి గది కొలిమి. పైగా పుట్టినప్పటి నుంచి నలుగురి మధ్య పడుకున్న మనిషికి ఒంటరి గది ఊరట అవుతుందని ఖాయంగా చెప్పలేం. కొందరికి అదే మరో శిక్ష. మనకు దగ్గరి నమూనా గోదావరి జిల్లాల మండువా లోగిలి. నడుమ ఆకాశం కనబడే ముంగిలి, చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. గాలి ఆడుతుంది. వసారాలో కూర్చున్న ఒక్కరికి అన్ని గుమ్మాలూ కనబడతాయి. ఇరవై మంది బ్యారక్ బదులు ఆరుగురో ఎనిమిది మందో ఉండే ఇళ్లు, అలాంటి నాలుగైదు ఇళ్లకు ఒక ముంగిలి, ఒక వంటిల్లు, ఒక వార్డరు. పొద్దు గూకాక తాళం గదికి కాకుండా లోగిలికి వేస్తే మనుషులకు రాత్రి తొమ్మిదిదాకా చదువుకునే, మాట్లాడుకునే వేళ మిగులుతుంది. ఒంటరి గది కోరుకునేవాళ్లకు, చదువుకునేవాళ్లకు దాన్ని ఇవ్వాలని మోడల్ మాన్యువల్లోనే ఉంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు కిటికీ గురించి సూటిగా చెబుతాయి. పగటి వెలుగులో చదువుకోగలిగేంత, పనిచేసుకోగలిగేంత పెద్దది ఉండాలి. ఇది విలాసం కిందికి రాదు.

కిటికీ కంటే, గది కంటే నాకు ముఖ్యంగా కనిపించేది గోడ లేని ఓపెన్ జైలు. దాని గురించి తెలుసుకోవడానికి నార్వే దాకా పోనక్కర్లేదు. జైపూర్ దగ్గర సాంగనేర్‌లో 1963 నుంచి నడుస్తోంది. అప్పటి రాజస్థాన్ గవర్నర్ సంపూర్ణానంద్ పేరు దానికి పెట్టారు. ఆయన అంతకుముందు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో ఉన్నప్పుడే, 1952లో, చంద్రప్రభ ఆనకట్ట పనికి ఖైదీలను గోడల బయట శిబిరంలో ఉంచి పనిచేయించారు. సాంగనేర్‌లో ఖైదీలు భార్యాపిల్లలతో కలిసి చిన్న ఇళ్లలో ఉంటారు. శిక్షలో కొంత భాగం మూసిన జైల్లో మంచి నడవడికతో గడిపినవాళ్లే ఇక్కడికి వస్తారు. వాళ్లలో హత్యకేసుల్లో యావజ్జీవ శిక్ష పడ్డవాళ్లు ఎందరో. పొద్దున హాజరు వేయించుకుని ఊళ్లోకి పనికి పోతారు. కొందరు దుకాణాల్లో పనిచేస్తారు, కొందరు ఆటో నడుపుతారు, కొందరు కూలికి వెళతారు. సాయంత్రం మళ్లీ హాజరు. తమ తిండి తామే సంపాదించుకుంటారు. ప్రభుత్వానికి కాపలా ఖర్చు నామమాత్రం. గోడ చేయాల్సిన పనిని అక్కడ ఇల్లు చేస్తోంది. పారిపోతే పోగొట్టుకునేది చేతికి అందేంత దగ్గరలో ఉంది.

ఆ శిబిరం భూమికీ మన వరంగల్, ముషీరాబాద్ భూములకు వచ్చిన పరిస్థితే వచ్చింది. పెరిగిన జైపూర్ సాంగనేర్‌ను కలిపేసుకుంది. శిబిరం స్థలంలో ఆసుపత్రి కట్టాలన్నారు. 2024 మేలో సుప్రీంకోర్టు దేశంలో ఓపెన్ జైళ్ల విస్తీర్ణాన్ని తగ్గించే పని ఎక్కడా జరగకూడదని చెప్పినా, సాంగనేర్ వివాదం అదే ఏడాది మళ్లీ ఆ కోర్టు మెట్లెక్కింది. ఊరు పెరిగి శిబిరం చుట్టూ పని దొరికే చోట్లు పెరగడమే అక్కడి విజయానికి కారణం. ఊరు పెరిగిందన్న కారణంతోనే దాన్ని కదిలించాలనడం అన్యాయం.

ఓపెన్ జైలు మనకు కొత్త కాదు. మౌలాలీలో వ్యవసాయ కాలనీ 1950లలోనే వచ్చింది. చర్లపల్లిలో, అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో ఇప్పటికీ ఖైదీలు పొలాలు చేస్తున్నారు. కానీ మన ఓపెన్ జైలు పొలం దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్‌లో లిఫ్టులు బాగుచేసే కుర్రాడికి, విజయవాడలో లారీ మెకానిక్‌కు చివరి రెండేళ్లు కూరగాయల మడిలో గడిపితే ఏం పని చేతికి వచ్చినట్టు? మహమ్మద్ గియాసుద్దీన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే చూశారు. నేరం చేసిన మనిషిని బాగుచేసి వెనక్కి తెచ్చుకోవడం శిక్ష ఉద్దేశమని చెబుతూ, ఖైదీకి అతని తెలివికి తగిన పని ఇవ్వాలని ఆదేశించారు. మన రాష్ట్రం పేరు మీదే ఉన్న ఆ తీర్పుకు యాభై ఏళ్లు వస్తున్నాయి. 2022లో దేశంలో ఉన్నవి 91 ఓపెన్ జైళ్లే. మూసిన జైళ్లు పగిలిపోతుంటే ఓపెన్ జైళ్లలో మాత్రం ఖాళీలు ఉన్నాయి. అర్హత నియమాలు అంత బిగుతుగా ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకు అసలు ప్రవేశమే లేదు.

ఇప్పుడు దూరం సంగతి. ములుగు నుంచి వరంగల్ జైలుకు ములాఖత్‌కు వెళ్లి రావడం ఒక పూట పనిగా ఉండేది. అదే ఖైదీ చర్లపల్లిలో ఉంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పడతాయి, చిన్నపిల్లల్ని ఎవరి దగ్గరో వదలాలి. నెలకు రెండుసార్లు వచ్చేవాళ్లు మూడు నెలలకోసారి వస్తారు. తర్వాత రారు. మనిషిని సమాజానికి కట్టి ఉంచే తాడు తెగేది అక్కడే. తెలంగాణలో ఖైదీలు తగ్గారని కొన్నేళ్ల కిందట కొన్ని సబ్‌జైళ్లు మూసేశారు. ఖర్చు లెక్కలో అది సరే. కానీ తాలూకా కేంద్రంలో, కోర్టుకు నడిచే దూరంలో, ఇంటివాళ్లు సైకిలు మీద వచ్చి చూసిపోయే చిన్న సబ్‌జైలు విచారణ ఖైదీకి చేసే మేలు పెద్ద జైలు చేయలేదు. వాటిని మూయడం పొరపాటని నా అభిప్రాయం. బాగుచేసి వాడుకోవాలి.

ములాఖత్ గది ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు. రెండు వరసల జాలీ, నడుమ ఖాళీ, ఇరువైపులా అరుపులు. ఎవరి మాట ఎవరికీ వినబడదు. తండ్రిని తాకకుండా, సరిగా చూడకుండా పిల్లలు తిరిగిపోతారు. ఫోను, అద్దం ఏర్పాటు వచ్చిన చోట అరుపులు తగ్గాయి, తాకే వీలు రాలేదు. పంజాబ్‌లో 2022 నుంచి భార్యాభర్తలు కలిసి కొంతసేపు గడిపే గదులు కొన్ని జైళ్లలో కట్టారు. మన దగ్గర కనీసం ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక చెట్టు నీడ ఉన్న ముంగిలి ములాఖత్‌కు ఇవ్వడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. తనిఖీ మనిషి లోపలికి వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ చేయవచ్చు.

ఆడవాళ్ల జైళ్ల గురించి రాయాలంటే మరో వ్యాసం కావాలి. 2022లో దేశంలోని 23,772 మంది మహిళా ఖైదీలకు ప్రత్యేక మహిళా జైళ్లు 34 మాత్రమే. మిగిలినవాళ్లంతా మగవాళ్ల జైలులో ఒక మూల గోడ కట్టిన ఆవరణలో ఉంటారు. గ్రంథాలయం, వర్క్‌షాపు, ఆటస్థలం ఆ గోడకు అవతలే ఉండిపోతాయి. 1,764 మంది పిల్లలు ఆ ఏడాది తల్లులతో జైల్లో ఉన్నారు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆ పిల్లలకు క్రెష్, నర్సరీ ఉండాలని, అవి వీలైతే జైలు బయట ఉండాలని చెప్పింది. మూడేళ్ల పిల్ల ఆడుకోవడానికి వెళ్లే తలుపు గోడలో ఎక్కడ ఉండాలో నమూనా గీసేవాళ్లు ముందే ఆలోచించాలి. కులం సంగతి కూడా గదుల పంపకంలోనే దాక్కుని ఉంటుంది. తమిళనాడులోని పాళయంకోట్టై జైల్లో కులాల వారీగా బ్యారక్‌లు వేరుచేశారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు, గదులు పంచే నియమాలను కొట్టేసింది. చిన్న ఇళ్ల పద్ధతి వచ్చాక కూడా ఎవరిని ఎవరితో పెట్టాలన్న నిర్ణయం పాత అలవాటు ప్రకారం జరిగితే చిన్న ఇళ్లు చిన్న వాడలవుతాయి.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినాలి. మొదటిది భద్రత. 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లోకి రాత్రివేళ చొరబడి ఒక తండ్రీకొడుకుల సెల్‌లో బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు. తమకు ప్రాణభయం ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నారు. 2000లో ఆ కేసులో సుప్రీంకోర్టు, ఖైదీ ప్రాణానికి ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. గోడ లోపలివాళ్లను కూడా కాపాడాలని ఆ ఘటన చెబుతోంది. కాబట్టి బలమైన గోడ ఉండాల్సిన చోట ఉండాలి. ప్రమాదకరమైన కొద్దిమంది కోసం కట్టిన గోడను అందరి చుట్టూ కట్టడమే పేచీ. ఎవరు ఏ స్థాయి కాపలాలో ఉండాలో మనిషిని బట్టి తేల్చే పద్ధతి లేకపోతే, అందరికీ కఠినమైనదే దక్కుతుంది.

రెండోది మరింత బరువైనది. బయట కష్టపడి బతికే కుటుంబానికే సరైన గది, మరుగుదొడ్డి లేనప్పుడు నేరం చేసినవాడికి ఎందుకు? హత్యకు గురైనవాడి భార్య ఈ ప్రశ్న అడిగితే నా దగ్గర ఆమెను ఓదార్చే జవాబు లేదు. ఆమెకు రావాల్సిన పరిహారం, న్యాయం, వేగమైన విచారణ వేరే రాజీలేని బాధ్యతలు. కానీ ఆ హంతకుడు కొన్నేళ్ల తర్వాత ఆమె ఉన్న ఊరికే తిరిగి వస్తాడు. ఆ రోజు అతని చేతిలో ఒక పని, ఎదురుచూసే ఒక ఇల్లు ఉన్నాయా, లేక బ్యారక్‌లో నేర్చుకున్న కొత్త స్నేహాలు మాత్రమే ఉన్నాయా అన్నది ఆమె భద్రతకు సంబంధించిన విషయం. బయట పేదవాడికి ఇల్లు ఇవ్వాలన్న వాదన సరైనదే, అది జైలు గదికి కిటికీ మూస్తే తీరేది కాదు.

తెలుగు రాష్ట్రాల జైళ్ల శాఖలు ఒక మంచి పని ఇప్పటికే చేశాయి. రోడ్డు పక్క పెట్రోలు బంకులు పెట్టి ఖైదీలతో, విడుదలైనవాళ్లతో నడిపిస్తున్నాయి. తెలంగాణలో ‘మై నేషన్’ పేరుతో జైలు వస్తువులు అమ్ముతున్నారు. కేరళ జైళ్ల చపాతీలకు, బిర్యానీకి జనం వరసలు కడతారు. స్కూటరు నడిపే ఆమె ఖైదీ చేతి నుంచి చిల్లర తీసుకుని వెళ్లిపోతుంది, ఏమీ జరగదు. ఉపన్యాసాలు తేలేని మార్పు అలా వస్తుంది. ఈ ఆలోచనను బంకు దగ్గర ఆపకుండా కొత్త జైలు నమూనాలోకే తేవాలి. రోడ్డు వైపు గోడ పొడుగునా వడ్రంగి దుకాణం, బేకరీ, బైకు రిపేరు షెడ్డు, టైలరింగ్, క్యాంటీను ఉండవచ్చు. వెనక తలుపు లోపలికి, ముందు తలుపు రోడ్డుకు. వరంగల్ జైలుకు తివాచీలు, దర్రీలు నేయడంలో పేరుండేది. ఆ మగ్గాలకు కొత్త జైలులో రోడ్డు కనబడే చోటు దొరకాలి. ఆ వరస చివర, గోడకు బయట, విడుదలైనవాడు మొదటి రెండు మూడు నెలలు అద్దె లేకుండా ఉండే కొన్ని గదులు కట్టాలి. సాయంత్రం విడుదల చేసి చేతిలో బస్సు చార్జీలు పెట్టి పంపితే అతను ఎక్కడికి వెళ్తాడో అందరికీ తెలుసు.

మామునూరు నమూనా గీయకముందే ఇవన్నీ టెండరు కాగితంలో రాయాలి. స్థలం ఎంత, గోడ ఎంత అని మాత్రమే అడిగితే గోడల కొలతలే వస్తాయి. ములాఖత్‌కు వచ్చేవాళ్లు ఏ బస్సు దిగి ఎంత దూరం నడవాలి, ఖైదీ రోజుకు ఎన్ని గంటలు తాళం లేకుండా ఉండాలి, ఒక వార్డరు ఎంతమంది పేర్లు పెట్టి పిలవగలగాలి అన్నవి అడగాలి. ఆ కాగితం రాసే గదిలో పోలీసు గృహనిర్మాణ సంస్థ ఇంజినీర్ల పక్కన ముప్పై ఏళ్లు తాళాలు వేసిన ఒక వార్డరు, పాత వరంగల్ జైల్లో శిక్ష పూర్తిచేసుకుని ఇప్పుడు పని చేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు, ఇన్నేళ్లూ ములాఖత్‌కు తిరిగిన ఒక తల్లి కూర్చోవాలి. వాళ్లను పిలవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జైళ్ల శాఖ నుంచి ఒక ఉత్తరం వెళ్తే చాలు.